మగ్గం దగ్గర చోటు

ఆ పొద్దు మబ్బు యాకుత్‌పురా వైపు నుంచి వచ్చి ఉప్పుగూడ మీద ఆగింది. కురవలేదు, కదలలేదు. వెలుతురు ఎటు నుంచి వస్తున్నదో తెలియలేదు. నాకు నీడ కూడా పడలేదు. నేను రైల్వేలో కీమ్యాన్‌ను. భుజాన సుత్తె, చేతిలో పానా పట్టుకుని రోజూ ఈ రెండు స్టేషన్ల నడుమ పట్టాల వెంట పోయి రావడం, వదులైన క్లిప్పు కనిపిస్తే వంగి బిగించడం నా పని. ఇరవై రెండేళ్లుగా తల వంచుకునే నడిచాను కాబట్టి ఆకాశం సంగతి నాకు పెద్దగా తెలియదు. ఆ రోజుది మాత్రం గుర్తుంది. డ్యూటీ దిగి సుజన కాగితం కోసం పెద్ద దవాఖానకు పోయింది ఆ రోజే.

సుజన నా బిడ్డ. కాగితం ఆమె రక్తపరీక్షది. ఆమెకు ఏ రోగమూ లేదు. రోగం నా భార్య ఎల్లమ్మది. కీళ్లవాతం. వయసు మీద పడి వచ్చే నొప్పి కాదట. ఒంటిని కాయవలసిన కాపలానే తిరగబడి కీళ్లను తింటుందని డాక్టర్ హరిచందనమ్మ చెప్పింది. ఎల్లమ్మ వేళ్లు ఇప్పుడు చిటికెన వేలి వైపుకు వంగిపోయి ఉంటాయి, గాలికి వంగిన పైరు మళ్లీ లేవనట్టు. అంతకుముందు నెలలో మేము మందుల కోసం పోయినప్పుడు డాక్టరమ్మ, ఇంట్లో ఇంకెవరున్నారని అడిగింది.

"బిడ్డ ఉన్నదమ్మా. ఆమెకే నొప్పీ లేదు" అన్నాను.

"నొప్పి లేనివాళ్లనే చూడాలనుకుంటున్నాం. ఈ రోగం బయటపడక ముందే కొన్నేళ్ల నుంచి రక్తంలో గుర్తులుంటాయి. మీ అమ్మాయికి ఇష్టమైతేనే పంపండి."

సుజన నవ్వుకుంటూ పోయి రక్తమిచ్చి వచ్చింది. "దినాం దోమలకు ఇచ్చేదాంట్లకెళ్లి మేడమ్‌కు గూడ జరంత ఇచ్చిన, గంతే" అన్నది. కాగితం తెమ్మని చీటీ నా చేతికే ఇచ్చింది. ఆమెకు పని ఒత్తిడి ఉండేది.

కౌంటర్‌లో నర్సు కాగితం తీసి ఇచ్చింది. ఇచ్చి, మళ్లీ తీసుకుని చూసింది.

"ఎవరిది పెద్దాయనా?"

"మా బిడ్డది."

"రెండు పరీక్షలు గూడ ఎక్కువనే ఉన్నయి. ఇదైతే ఇరవై లోపల ఉండాలె. రెండు వందల పద్నాలుగు ఉన్నది. గురువారం మేడమ్ కూసుంటది, పిల్లను పట్టుకొని రా. ఫికర్ చెయ్యకు, ఆమె అన్నీ సమజ్ చేసి చెప్తది."

నేనేమీ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే కొంత చెప్పేదేమో. మా ఊరి బడిలో కూడా నేను చెయ్యెత్తి అడిగిన గుర్తు లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పానా పెట్టుకునే సంచిలో అడుగున పెట్టాను.

ఎల్లమ్మకు మొదలైనప్పుడు సుజన ఇంకా పదో తరగతిలో ఉంది. పొద్దున లేచి ఎల్లమ్మ పాల ప్యాకెట్ చింపలేకపోయేది. పళ్లతో చింపేది. నేను చూశాను. తలుపు గొళ్లెం మోచేత్తో తీసేది. అదీ చూశాను. చూసి, పనెక్కువై ఉంటుందనుకున్నాను. నూనె రాయించాను, పసరు కట్టించాను. మూడేళ్లు. దవాఖానకు తీసుకుపోయేసరికి వేళ్లు వంగిపోయాయి. డాక్టరమ్మ అప్పుడు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

అందుకే ఈసారి నేను తొందరపడ్డాను.

*

సుజన పని మగ్గం మీద. నేసే మగ్గం కాదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను డోలు చర్మంలాగా బిగించి కట్టి, చుట్టూ కూర్చుని ఆరీ సూదితో జరీ, పూసలు కుడతారు. కుడి చెయ్యి పైన సూదిని పట్టుకుంటుంది. ఎడమ చెయ్యి బట్ట కింద కనిపించకుండా దారాన్ని అందిస్తుంది. యాకుత్‌పురా గల్లీలో గులాం రసూల్ ఇంటి ముందుగదిలో ఆ మగ్గం ఉంటుంది. ఆరేళ్లు ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన దగ్గరే నిలిచింది. కిటికీ పక్కన వెలుతురు బాగా పడే చోటు ఆమెది. ఆ చోటు ఊరికే రాదు. నడిమి పువ్వు కుట్టగలిగిన చేతికే ఇస్తారు. అక్కడ రోజంతా మాట్లాడుతూనే ఉండేదట. "మూగోని కడుపున ఇంత నోరు ఎట్ల పుట్టిందే?" అని గులాం రసూల్ భార్య షౌకత్ బీ ఎగతాళి చేసేది. సుజన ఇంటికి వచ్చి ఆ మాట నాకే చెప్పి నవ్వేది.

కాగితం తెచ్చిన మర్నాటి నుంచి నేను ఆమె వేళ్లు చూడడం మొదలుపెట్టాను. పళ్లు తోముకునేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు, చెప్పు పట్టీ పెట్టుకునేటప్పుడు. నీళ్ల బిందె ఆమె చేతిలో నుంచి తీసుకున్నాను. బట్టలు నేనే పిండాను.

"ఏంది బాపూ, కొత్తగ?" అన్నది.

"ఊకె."

"అమ్మా, బాపుకు ఏమైందే?"

"నాకేం ఎరుక? ముప్పై ఏండ్ల సంది అడుగుతున్న, చెప్తలేడు" అన్నది ఎల్లమ్మ.

ఇద్దరూ నవ్వారు. నేను బకెట్ ఎత్తుకుని డాబా మీదికి పోయాను. గురువారం వచ్చింది, పోయింది. దవాఖానకు ఆమెను తీసుకుపోతే డాక్టరమ్మ ఆమె ముందరే ఆ మాట అంటుంది. అది వింటే ఆమె ముఖం ఎట్లా మారుతుందో నాకు కనిపించేది. ఇంకో గురువారం కూడా పోయింది.

అప్పుడే బార్కస్ నుంచి పెళ్లికూతురి ఖడా దుపట్టా ఒకటి గులాం రసూల్‌కు వచ్చింది. ఆరు గజాల బట్ట, అంచు నిండా పని, రెండు నెలల గడువు. సుజన రెండు రోజులు ఆ పువ్వు నమూనా గురించే చెప్పింది. నడిమి పువ్వుకు పదిహేడు రేకులట, ఆమె చేతికే ఇస్తానన్నాడట. నేను వింటున్నాను, కానీ నాకు వినిపించింది వేరే. రెండు నెలలు, రోజుకు తొమ్మిది గంటలు, పది వేళ్లు.

పదకొండో రోజు డ్యూటీ దిగి యాకుత్‌పురా గల్లీలోకి పోయాను. మధ్యాహ్నం నమాజు వేళ. ఆడవాళ్లు అన్నానికి లేచి ఇళ్లకు పోయారు. గులాం రసూల్ ఒక్కడే కర్రలకు తాడు చుడుతున్నాడు.

"అరే, లింగం భాయ్! రైలు పట్టాలు మా గల్లీలకు గూడ ఏసిన్రా ఏంది?"

నేను గడప దగ్గరే కూర్చున్నాను.

"ఛాయ్ తాగుతవా?"

"వద్దు భాయ్. పిల్ల గురించి వచ్చిన."

"సుజన గురించా? ఏమన్న లొల్లా?"

"పని తక్కువ చెయ్యి ఆమెకు. చేతులు..." అని ఆగాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. "వాళ్లమ్మది ఆమెకు గూడ ఉన్నదట. రక్తంల ఉన్నది."

గులాం రసూల్ తాడు వదిలేశాడు. ఎల్లమ్మ చేతులు ఆయన చూసినవాడే. చాలాసేపు కట్టీ కట్టని ఆ చట్రంకేసి చూశాడు.

"ఆమెకు ఎరుకేనా?"

"లేదు."

"భాయ్, మా దాంట్ల ఒక రివాజు ఉన్నది. ఒక చెయ్యి మొదలువెట్టిన పువ్వు ఇంకో చెయ్యి ముగించొద్దు. ఒక్కొక్కరి దారం ఒక్కొక్క తీరుగ గుంజుతది. నడుమల చెయ్యి మారితే పువ్వు సగం నవ్వినట్టు, సగం ఏడ్చినట్టు ఉంటది. పెండ్లిపిల్ల నెత్తిమీద ఏసుకునేది అది." ఆగి, "రేపే బట్ట ఎక్కిస్తున్న. ముందుగాల చెప్పినవ్, మంచిదైంది" అన్నాడు.

మంచిదైందన్న మాట పట్టుకుని నేను ఇంటికి వచ్చాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

*

మర్నాడు పన్నెండు కాకముందే సుజన ఇంటికి వచ్చింది. ఆ రోజు నాకు వారపు సెలవు. ఆమె చేతిలో సూదుల డబ్బా ఉంది. సూదుల డబ్బా ఎప్పుడూ ఇంటికి తెచ్చేది కాదు.

"బాపూ, రసూల్ చాచాకు ఏం చెప్పినవ్?"

నేను లేచి నిలబడ్డాను.

"నా జాగల సాదియా కూసున్నది. పోయిన యాడాది నేను సూది పట్టుడు నేర్పిన పిల్ల. చాచా నా మొఖం చూస్తలేడు. చాచీ అయితే ఏడుస్తున్నది. 'జర ఆరామ్ తీసుకో బేటీ' అంటున్నది. ఏం చెప్పినవ్?"

సంచి విప్పి కాగితం తీసి ఇచ్చాను. మడతల దగ్గర పానా నూనె అంటి మరక పడింది. ఆమె నిలబడే చదివింది. పైనున్న తేదీ కూడా చూసింది.

"పన్నెండు రోజులు" అన్నది. "నా నెత్తురు. నా కాయితం. పన్నెండు రోజులు నీ సంచిల పెట్టుకొని తిరిగినవ్. నాకు చెప్పలే. గల్లీ అందరికీ చెప్పినవ్."

"గల్లీకి చెప్పలే. ఆయనకే..."

"చేతులు మంచిగ ఉండాల్నని చెప్పినవా? ఇగో, మంచిగనే ఉన్నయి. ఏం చెయ్యమంటవ్ వీటిని?"

రెండు చేతులు నా ముందు చాపింది. సన్నటి వేళ్లు. కుడిచేతి బొటనవేలి మీద సూది రాపిడికి కాయకట్టిన చోటు. నాకు వాటిలో ఏ లోపమూ కనిపించలేదు. పన్నెండు రోజులుగా కనిపించలేదు.

మంచం మీద నుంచి ఎల్లమ్మ మెల్లగా అన్నది. "నా నుంచే వచ్చింది బిడ్డకు."

"ఏం రాలే అమ్మా! ఏమన్న వచ్చిందా? ఎవరన్న చూసిన్రా వచ్చింది?" అని అరిచి సుజన లోపలి గదిలోకి పోయింది. తలుపు వేయలేదు. వేసి ఉంటే నేను తట్టేవాణ్నేమో. తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఆ పూట నుంచి ఆమె మాతో కూర్చుని తినడం మానేసింది. వాళ్లమ్మకు పెట్టి, నాకు మూతపెట్టి, తను తర్వాతెప్పుడో తినేది. గిన్నె కడిగిన చప్పుడును బట్టి తిన్నదని తెలిసేది. మా ఇల్లు రెండు గదులు. ముగ్గురం అందులో ఒకరికొకరు తగలకుండా తిరిగాము. మాటలన్నీ మా ఇంటికి ఆమె నోటి వెంటే వచ్చేవని అప్పుడు తెలిసింది. ఆమె ఆపేస్తే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

*

గురువారం ఆమె తానే దవాఖానకు బయలుదేరింది. నేను వెనక పోయాను. వద్దనలేదు. రమ్మనలేదు. బెంచీ మీద నాకూ ఆమెకూ నడుమ ఇద్దరు మనుషుల చోటు వదిలి కూర్చుంది.

హరిచందనమ్మ ఆమె ప్రతి వేలినీ కణుపు దగ్గర నొక్కి చూసింది. మణికట్టు చూసింది, పాదాలు చూసింది. తర్వాత కాగితం బల్ల మీద పరిచింది.

"సుజనా, మీకు ఈ రోజు రోగం లేదు. ఇది రోగం కాదు, గుర్తు. ఇట్లాంటి గుర్తులున్నవాళ్లలో కొందరికి కొన్నేళ్లకు కీళ్లవాతం వస్తుంది. కొందరికి ఎప్పటికీ రాదు. మీది రెండు పరీక్షల్లోనూ ఎక్కువగా ఉంది కాబట్టి, లేనివాళ్లకన్నా మీకు వచ్చే అవకాశం ఎక్కువ. వస్తుందా రాదా అన్నది నేను చెప్పలేను. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"చెప్పలేనిది ఎందుకు చూసిన్రు మేడమ్?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. "వస్తే ఆ రోజే మీరు నా దగ్గరికి రావాలని. పొద్దున లేచాక వేళ్లు బిగుసుకుని అరగంట దాటినా వదలకపోతే, కణుపులు వాస్తే, ఆగకండి. మొదట్లోనే వస్తే మందులు బాగా పనిచేస్తాయి. మీ అమ్మగారు మూడేళ్లు ఆలస్యంగా వచ్చారు."

నేను నేల చూస్తున్నాను. గచ్చు మీద ఒక బండ అంచు విరిగి ఉంది.

"మరి పని? మగ్గం పని చేస్త నేను."

"చేసుకోండి. పని వల్ల ఇది రాదు. పని మానేసినంత మాత్రాన ఆగదు."

సుజన నా వైపు తిరగలేదు. తిరిగి చూస్తుందని నేను కాచుకుని కూర్చున్నాను.

"చిగుళ్ల జబ్బుకూ దీనికీ సంబంధం ఉంది, వాటిని బాగా చూసుకోండి. పొగ మాత్రం దీనికి మంచిది కాదు. ఇంట్లో ఎవరైనా తాగుతారా?"

నా చొక్కా జేబులో బీడీ కట్ట ఉంది. అది పైకి కనిపిస్తూనే ఉంది. డాక్టరమ్మ చూసింది. సుజన అప్పుడు తిరిగింది, కానీ నా ముఖం చూడలేదు. జేబు చూసింది. బయటికి వచ్చాక ఆ కట్టను గేటు దగ్గర చెత్తడబ్బాలో వేశాను. ఆమె అప్పటికే బస్సు ఎక్కింది.

*

నేను మళ్లీ యాకుత్‌పురా గల్లీకి పోయాను. ఈసారి మగ్గం చుట్టూ నలుగురూ ఉన్నారు. తెల్లటి బట్ట మీద కిటికీ పక్కన పువ్వు ఒకటి సగం దాకా విచ్చింది. సాదియా నన్ను చూసి సూది ఆపింది. నేనెందుకు వచ్చానో ఆ పిల్లకు అర్థమైంది.

గులాం రసూల్ నన్ను బయటికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు.

"గీ మాట ఆ రోజు చెప్పాల్సింది భాయ్."

"ఆ రోజు నాకు తెల్వదు."

"తెల్వకుండ ఎట్ల చెప్పినవ్ మరి?"

గులాం రసూల్ వేలితో లోపలికి చూపించాడు.

"ఇప్పుడు తొమ్మిది రేకులు అయినయి. సాదియా చెయ్యి. ఆ పిల్లను లేపుమంటవా? లేపుమంటే లేపుత. నువ్వే చెప్పు."

లోపల సూదులు బట్టను గుచ్చుతున్న సన్నటి చప్పుడు ఆగిపోయింది. అందరూ వింటున్నారు.

"వద్దు" అన్నాను.

సుజన బార్కస్ వైపు ఒక దుకాణంలో పనికి కుదిరింది. కుట్టే పని కాదు, బట్ట మీద జిగురుతో రాళ్లు అంటించే పని. సాయంత్రం వచ్చేసరికి వేళ్లకు జిగురు పొక్కులు పొక్కులుగా ఎండి ఉండేది. నల్లా దగ్గర కూర్చుని గోటితో గీకి తీసేది. అక్కడ ఎవరితో ఏం మాట్లాడేదో తెలియదు. నవ్విన సంగతి ఒక్కటీ ఇంటికి రాలేదు.

వానలు ముదిరాయి. ఆ రోజుల్లోనే పట్టాలు పరీక్ష చేసేవాళ్లు మిషను తోసుకుంటూ వచ్చారు. పట్టా లోపల కంటికి కనపడని లోపముంటే ఆ మిషను పట్టేస్తుంది. మేము రోజూ నడిచే చోటనే ఒకదగ్గర ఆగి, పట్టా మీద ఎర్రరంగుతో గుర్తు వేసి పోయారు. నాతో పనిచేసే సోమయ్య వంగి చూశాడు.

"ఇప్పుడే మార్చేది కాదట అన్నా. కనిపెట్టి ఉండుమన్నరు."

"ఎన్ని దినాలు?"

"పెద్దగయ్యేదాంక. కాకపోతే లేదు. గట్లనే నడుస్తది."

ఫలక్‌నుమా వైపు నుంచి లోకల్ రైలు వచ్చింది. మేము పక్కకు తప్పుకున్నాము. తలుపుల దగ్గర కూడా మనుషులు వేలాడుతున్నారు. ఆ గుర్తు మీది నుంచి ఒక్కొక్క చక్రమే దాటిపోయింది. నేను లెక్కపెట్టలేదు, చూస్తూ నిలబడ్డాను. రైలు పోయాక సోమయ్య నాలుగడుగులు ముందుకు నడిచి వెనక్కి తిరిగాడు.

"ఏమైందన్నా? ఏడుస్తున్నవా ఏంది?"

"వాన" అన్నాను.

*

వానలు వెనకబట్టిన తర్వాత ఒక ఆదివారం పగలు గులాం రసూల్ మా ఇంటికి వచ్చాడు. దుపట్టా ఇచ్చేశారట. పెళ్లికూతురి వాళ్లకు నచ్చిందట. సాదియా పువ్వు గురించి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కుర్చీ అంచున కూర్చుని టోపీ సర్దుకున్నాడు.

"కొత్తగ ఇంకో కార్చోబ్, ఇంకో మగ్గం కడుతున్న లింగం భాయ్. సుజనను పంపుతవా? నువ్వేమంటవ్?"

సుజన లోపలి గదిలో బియ్యం ఏరుతున్నది. చేట చప్పుడు ఆగింది.

నా నోటి దాకా వచ్చింది. పంపుతాననే వచ్చింది. "ఆమెనే అడుగు భాయ్" అన్నాను. అని లేచి, ఆమె వచ్చి నిలబడడానికి గుమ్మం దగ్గర చోటిచ్చి, వాకిట్లోకి వచ్చి నిలుచున్నాను. అక్కడికి కూడా మాటలు వినిపిస్తున్నాయి.

"చేతులు ఎట్లున్నయి బేటీ?"

"ఇయ్యాల మంచిగున్నయి చాచా. రేపటిది ఎవరికి ఎరుక?"

"కిటికీ పక్క జాగ నీదే. సాదియాకు చెప్పిన. పెద్ద పువ్వే ఉన్నది."

చేట కింద పెట్టిన చప్పుడైంది.

"పెద్ద పువ్వు నాకు వద్దు."

"ఎందుకు? గుస్సానా?"

"గుస్సా ఏం లేదు. ఆ జాగల సాదియానే ఉండనియ్యి. నాకు బుట్టీలియ్యి చాచా. ఒక్క దినంల ఒడిసే చిన్న చిన్న పువ్వులు. పొద్దుగాల మొదలువెట్టింది పొద్దుమీకి నేనే ముగిస్త. నా చెయ్యి మారేదాంక ఎన్ని అయితే అన్ని. అప్పుడు నీ రివాజు తప్పదు, నా పని తప్పదు."

గులాం రసూల్ గట్టిగా శ్వాస వదిలాడు. నడిమి పువ్వు కుట్టిన చెయ్యి బుట్టీలకు దిగడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. బుట్టీలు కొత్తగా చేరినవాళ్లు కుడతారు.

"చేతుల తేడా వస్తే?"

"నేనే చెప్త. ముందుగాల నేనే చెప్త నీకు."

ముందుగాల అన్న మాటను ఆమె గట్టిగానే అన్నది. వాకిట్లోకి వినిపించేటట్టు.

ఆయన పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. గల్లీ మలుపు తిరిగేదాకా ఆయన వెనకే చూస్తూ నిలబడ్డాను. లోపలికి పోవాలంటే ఏదో ఒకటి అనాలి. అనవలసిన మాట ఉంది. దాన్ని నాలుగైదు విధాలుగా మనసులో పేర్చుకున్నాను. ఏదీ నిలబడలేదు.

లోపలికి పోయేసరికి చాప పరిచి ఉంది. మూడు కంచాలు పెట్టి ఉన్నాయి.

అన్నం, బచ్చలికూర పప్పు, వేయించిన మిరపకాయలు. సుజన వాళ్లమ్మకు కలిపి చెంచా పెట్టింది. నాకు వడ్డించింది. తనకు వడ్డించుకుని మా ఎదురుగా కూర్చుంది. ఎల్లమ్మ నన్నొకసారి, ఆమెనొకసారి చూసి చెంచా ఎత్తింది.

సుజన చెయ్యి అన్నంలోకి వచ్చింది. ముద్ద ఎట్లా పట్టుకుంటుంది, వేళ్లు ఎక్కడ మడుచుకుంటాయి, ఏ కణుపు దగ్గర తడబడుతుంది అని చూడడానికి నా కళ్లు తమంతట తామే పోయాయి. సగంలో ఆపాను. చూపు వంచి నా కంచంలో పెట్టుకున్నాను. పప్పులో బచ్చలి ఆకు మెత్తగా ఉడికి ఉంది.

తినడం అయ్యేదాకా తల ఎత్తలేదు.